రొట్టె మీ ఇంట్లోనే కాల్చుకోండి!

బ్రెడ్డు అంటే ఒకప్పుడు మన ఇళ్ళల్లో జ్వరం పథ్యం. ఒళ్ళు కాలిపోతూ, నోరు చేదై, అన్నం సహించనప్పుడు వేడి పాలల్లో రెండు బ్రెడ్డుముక్కలు ముంచి పెట్టేవారు. జ్వరం తగ్గి పథ్యం తిన్న మర్నాటినుంచి బ్రెడ్డు వంక ఎవరూ చూసేవారు కారు. మరి ఇప్పుడో? పొద్దున్న టోస్టు. పిల్లల డబ్బాలో జామ్ రాసిన బ్రెడ్డు. సాయంత్రం టీతో బిస్కట్లు. బడినుంచి వచ్చే దారిలో పఫ్. పుట్టినరోజైతే కేకు. పల్లెటూరి కిరాణా కొట్లో సైతం బన్నుల పాకెట్లు వేలాడుతున్నాయి. రోగికి పెట్టిన తిండి ఆరోగ్యవంతుల రోజువారీ తిండి అయి కూర్చుంది.

ఇందులో తప్పేముందని మీరు అడగవచ్చు. నెలకో రెణ్ణెల్లకో ఒకసారి అయితే ఏ తప్పూ లేదు. పండగకి అరిసెలు తిన్నట్టే, పుట్టినరోజుకి కేకు తినవచ్చు. కానీ రోజూ తినే వస్తువు సంగతి వేరు. రోజూ తినేదేదైనా సరే, దాన్ని మూడు ప్రశ్నలు అడగాలి. ఏ పిండితో చేశారు? ఏ కొవ్వు వేశారు? ఎంత తీపి కలిపారు? కొట్లో కొన్న సరుకుకి ఈ మూడు ప్రశ్నలకీ జవాబు దొరకడం కష్టం. ఇంట్లో కాల్చుకున్న రొట్టెకైతే జవాబు మీ చేతిలోనే వుంటుంది. ఈ వారం మీకు చెప్పదలచుకున్నది ఈ ఒక్క సంగతే.

మొదటి ప్రశ్న: ఏ పిండి?

గోధుమ గింజలో మూడు భాగాలుంటాయి. పైన తవుడు పొర. ఒక చివర మొలక వచ్చే చోటు, అంటే అంకురం. లోపలంతా తెల్లటి పిండిపదార్థం. పీచు, ఇనుము, బి విటమిన్లు ఎక్కువగా వుండేది మొదటి రెండింటిలోనే. మైదా చేసేటప్పుడు ఆ రెండూ తీసేసి తెల్లటి భాగాన్ని మాత్రం మిగులుస్తారు. గింజలో బలమంతా తీసేసి తెలుపుని దాచుకోవడమన్న మాట.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన ఆహార పట్టికలు చూస్తే తేడా తేలిగ్గా తెలుస్తుంది. వంద గ్రాముల ముడి గోధుమపిండిలో సుమారు 11 గ్రాముల పీచు వుంటే, మైదాలో 3 గ్రాములు కూడా లేదు. ఇనుము గోధుమపిండిలో సుమారు 4 మిల్లీగ్రాములు; మైదాలో 2 మిల్లీగ్రాముల లోపు.

ఈ లెక్కలు మనకెందుకు? ఎందుకంటే 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత వున్నట్టు తేలింది. ఆరునెలలు నిండి అయిదేళ్ళు నిండని పిల్లల్లో అయితే 67 శాతం. అంటే మీ వీధిలో ఆడుకునే ముగ్గురు పసిపిల్లల్లో ఇద్దరి సంగతి ఇది. అలాటి పిల్లవాడికి పొద్దున్న నాలుగు బిస్కట్లూ పాలూ ఇచ్చి, మధ్యాహ్నం బన్ను పెట్టి, 'ఏదో ఒకటి తిన్నాడు కదా' అని తృప్తి పడితే కడుపు నిండుతుంది గాని రక్తం పట్టదు. పీచు లేని తిండివల్ల మలబద్ధకం కూడా వస్తుంది. 'మా వాడికి రెండు రోజులకోసారి గాని విరేచనం కాదండీ' అనే తల్లులు ముందు వాడి టిఫిను డబ్బా మూత తీసి చూసుకోవాలి.

మరొక సంగతి. బ్రెడ్డు బాగా పొంగి, తెల్లగా మెత్తగా రావడానికి పొటాషియం బ్రోమేట్ అనే రసాయనాన్ని వెనక పిండిలో కలిపేవారు. కాన్సరుకి కారణం కావచ్చనే అనుమానంతో 2016లో మన ప్రభుత్వం దాన్ని అనుమతించిన పదార్థాల జాబితానుంచి తొలగించింది. ఇంట్లో చేసుకునే రొట్టెకి ఇలాటి రసాయనాల అవసరమే లేదు. కొంచెం ఓపిక వుంటే చాలు.

రెండో ప్రశ్న: ఏ కొవ్వు?

బిస్కట్టు కరకరలాడాలన్నా, పఫ్ పొరలు పొరలుగా విడాలన్నా గట్టిగా గడ్డకట్టే కొవ్వు కావాలి. వెన్న ఖరీదు ఎక్కువ. అందుకని చాలాకాలం వనస్పతి వాడారు. నూనెను గడ్డకట్టించి వనస్పతి చేసేటప్పుడు ట్రాన్స్ కొవ్వు అనేది పుడుతుంది. ఇది రక్తంలో చెడ్డ కొలెస్ట్రాలుని పెంచుతుంది, మంచి కొలెస్ట్రాలుని తగ్గిస్తుంది. గుండెకి రెండు విధాలా నష్టమే. అందుకే 2022 జనవరి నుంచి మన దేశంలో నూనెల్లో, కొవ్వుల్లో, వాటితో చేసిన తినుబండారాల్లో ట్రాన్స్ కొవ్వు, ఆ కొవ్వు మొత్తంలో 2 శాతం మించకూడదని నియమం పెట్టారు.

నియమం మంచిదే. అంతమాత్రాన బేకరీ సరుకు గుండెకి హాని చెయ్యదని కాదు. ట్రాన్స్ కొవ్వు తగ్గించడానికి చాలాచోట్ల పామాయిల్ వాడతారు. అందులో దాదాపు సగం సంతృప్త కొవ్వే. అదీ మితం తప్పితే మంచిది కాదు. ఇంట్లో రొట్టెకి రెండు చెంచాల వేరుశనగ నూనో నువ్వుల నూనో సరిపోతుంది.

మూడో ప్రశ్న: ఎంత తీపి?

చక్కెర, బెల్లం, తేనె లాంటి తీపివల్ల వచ్చే శక్తి, రోజు మొత్తంలో మనం తినే తిండి శక్తిలో పదో వంతు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించింది. ఇరవయ్యో వంతుకి తగ్గిస్తే మరీ మంచిదని కూడా చెప్పింది. రోజుకి 2000 కేలరీలు తినే మనిషికి ఆ లెక్కన 50 గ్రాములు గరిష్ఠం. 25 గ్రాములు ఉత్తమం. ఇరవై అయిదు గ్రాములంటే అయిదారు టీస్పూన్లు. కాఫీలో, టీలో, పాలల్లో వేసుకునేది కూడా ఈ లెక్కలోకే వస్తుంది. పిల్లలు తినేది తక్కువ కాబట్టి వాళ్ళ వాటా ఇంకా తక్కువ. ఇక క్రీము బిస్కట్లకి చోటెక్కడ?

ఉప్పు కూడా వుంది. బ్రెడ్డు ఉప్పగా వుండదు కాబట్టి అందులో ఉప్పు వుందని ఎవరూ అనుకోరు. నిజానికి ఉప్పు లేకుండా బ్రెడ్డు చెయ్యరు. రోజుకి అన్నీ కలిపి 5 గ్రాములు, అంటే ఒక టీస్పూను మించకూడదనే రక్తపోటు రోగులు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

రంగు చూసి మోసపోకండి

'మేము తెల్ల బ్రెడ్డు మానేశామండీ, బ్రౌను బ్రెడ్డే తింటున్నాం' అంటారు కొందరు. మంచి ఉద్దేశమే. కానీ గోధుమరంగు వున్నంత మాత్రాన గోధుమపిండి కాదు. మాడ్చిన చక్కెర రంగు కలిపినా అదే రంగు వస్తుంది. పాకెట్ వెనక చిన్న అక్షరాల్లో వాడిన పదార్థాల జాబితా వుంటుంది. ఎక్కువ బరువు వున్నది ముందు, తక్కువది తరవాత, ఆ వరసలోనే రాయాలని నియమం. మొదటి పేరు ముడి గోధుమపిండి అయితే సంతోషం. మొదటి పేరు 'శుద్ధి చేసిన గోధుమపిండి' అని వుంటే అది మైదాయే. చక్కెర రెండో మూడో స్థానంలో వుంటే ఆ పాకెట్ మళ్ళీ అలమారలోనే పెట్టేయండి.

రొట్టె కాల్చడం మనకి కొత్త కాదు

'బ్రెడ్డు ఇంట్లో చెయ్యడం మనవల్ల అవుతుందా? దానికి పెద్ద పొయ్యి కావాలి గదా!' అని జంకకండి. గోదావరి జిల్లాల్లో నిప్పులమీద మినపరొట్టె ఎలా కాలుస్తారో గుర్తు చేసుకోండి. ఇనప మూకుట్లో పిండి పోసి, మూత పెట్టి, కింద సన్నని సెగ, మూతమీద నిప్పులు. పైనా కిందా వేడి తగిలి రొట్టె నాలుగువైపులా సమంగా కాలుతుంది. దొరల ఓవెన్ చేసే పని కూడా అచ్చంగా ఇదే!

తెలంగాణలో, రాయలసీమలో జొన్నరొట్టె వుండనే వుంది. పొంగించనక్కర లేదు. చుక్క నూనె అక్కర లేదు. జొన్నపిండికి గోధుమపిండిలా సాగే గుణం లేదు. అందుకే మరిగే నీళ్ళు పోసి కలుపుతారు. ఆ వేడికి పిండి ఉడికి జిగురు వస్తుంది, రొట్టె విరగదు. తెలంగాణ ఇళ్ళల్లో గిన్నెకి అద్ది కాల్చే సర్వపిండిలో బియ్యప్పిండితో పాటు నానిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు పడతాయి. ధాన్యమూ పప్పూ కలిశాయి కాబట్టి మాంసకృత్తులకి లోటుండదు. కొత్త ఒక వింత, పాత ఒక రోత అన్నట్టు వీటిని వెనక్కి నెట్టి బన్నుకి ముందు పీట వేశాం. వారంలో రెండు రోజులు వీటికి మళ్ళీ పీట వెయ్యండి. మిగిలిన రోజులకి కింద చెప్పే రొట్టె చేసి చూడండి.

గోధుమపిండి బ్రెడ్డు

కావలసినవి: ముడి గోధుమపిండి 400 గ్రాములు, మైదా 100 గ్రాములు (చెయ్యి అలవాటయ్యాక ఇది మానేసి మొత్తం గోధుమపిండే వాడండి), పొడి ఈస్ట్ రెండు టీస్పూన్లు, ఉప్పు ఒక టీస్పూను, బెల్లంపొడి ఒక టేబుల్ స్పూను, నూనె రెండు టేబుల్ స్పూన్లు, గోరువెచ్చని నీళ్ళు సుమారు 330 మిల్లీలీటర్లు. పిండిని బట్టి నీళ్ళు కాస్త అటూ ఇటూ అవుతాయి.

నీళ్ళు గోరువెచ్చగా వుండాలి. మణికట్టు మీద చుక్క వేసుకుంటే వేడిగానూ అనిపించకూడదు, చల్లగానూ అనిపించకూడదు. పసిపిల్లల పాలకి చూస్తారే, అలాగ. కాగే నీళ్ళు పోస్తే ఈస్ట్ చచ్చిపోతుంది. సగం నీళ్ళల్లో బెల్లంపొడి కరిగించి, ఈస్ట్ చల్లి పది నిముషాలు వదిలెయ్యండి. పైన నురగ కట్టిందంటే ఈస్ట్ ప్రాణంతో వున్నట్టు. నురగ రాకపోతే ఆ ఈస్ట్ పనికిరాదు. పిండి పాడుచెయ్యకుండా అక్కడే ఆగిపోండి.

పిండిలో ఉప్పు కలిపి, ఈ నురగనీళ్ళు, మిగతా నీళ్ళు పోసి, చపాతీ పిండికన్న కొంచెం మెత్తగా కలపండి. నూనె వేసి పది పన్నెండు నిముషాలు బాగా పిసకండి. ఇక్కడ బద్ధకించకూడదు. పిసికిన కొద్దీ గోధుమలోని జిగురు సాగి వలలాగా తయారవుతుంది. ఈస్ట్ వదిలే గాలి ఆ వలలో చిక్కుకుంటేనే రొట్టె పొంగేది. పిండి నున్నగా, చెవి తమ్మెలాగా మెత్తగా అయితే సరిపోయినట్టు.

గిన్నెకి నూనె రాసి పిండిముద్ద పెట్టి, తడిగుడ్డ కప్పండి. ఎండాకాలంలో ముప్పావు గంటలో, చలికాలంలో గంటన్నరలో రెట్టింపు అవుతుంది. గడియారాన్ని కాదు, పిండిని చూడండి. వేలితో నొక్కితే గుంట నెమ్మదిగా, కొంచెమే పూడాలి. అప్పుడు గాలి పోయేట్టు అణిచి, చాపలాగా చుట్టి, నూనె రాసిన డబ్బాలో పెట్టండి. మళ్ళీ అరగంట, ముప్పావుగంట పొంగనివ్వండి. ముందే వేడెక్కించిన ఓవెన్‌లో 200 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమీద 35 నుంచి 40 నిముషాలు కాల్చండి. డబ్బాలోంచి తీసి అడుగున వేలితో కొడితే డొల్ల శబ్దం రావాలి. వేడిమీద కొయ్యకండి, లోపల ముద్దముద్దగా వుంటుంది. పూర్తిగా చల్లారాక పన్నెండు ముక్కలు కోస్తే, ముక్కకి అర గ్రాముకి మించి ఉప్పు పడదు. తీపి గ్రాము దాకా పడుతుంది. కొవ్వు రెండున్నర గ్రాముల లోపే!

ఓవెన్ లేని ఇంట్లో

అడుగు మందంగా వున్న పాత గిన్నె, దానికి సరిపోయే బరువైన మూత తీసుకోండి. అడుగున ఒక అంగుళం మందాన శుభ్రమైన ఇసుకగాని దొడ్డు ఉప్పుగాని పరవండి. మధ్యలో చిన్న స్టాండు పెట్టి, మూతవేసి, మధ్యస్థంగా వుండే మంటమీద పది నిముషాలు వేడెక్కనివ్వండి. తరవాత రొట్టె డబ్బాను స్టాండుమీద దించి, మంట తగ్గించి, 45 నుంచి 55 నిముషాలు వుంచండి. పైభాగం తెల్లగా వుంటే కంగారు పడకండి. రొట్టెను బోర్లించి పెనంమీద రెండు నిముషాలు కాలిస్తే రంగు వస్తుంది.

కొందరు ఈ పనికి ప్రెషర్ కుక్కరు వాడతారు. నీళ్ళు లేకుండా వేడిచేస్తే కుక్కరు పాడవుతుంది. తప్పక వాడవలసివస్తే లోపలి రబ్బరు రింగు, పైన వెయిట్ రెండూ తీసెయ్యాలి. ఆవిరి పోయే దారి మూసి ఎన్నడూ పొయ్యిమీద పెట్టకూడదు. ఆ ఉప్పుని కూరల్లో వాడకుండా, మళ్ళీ ఇదే పనికి దాచుకోండి.

పొంగలేదా?

మొదటిసారే అద్దంలో చూసినట్టు రాకపోవచ్చు. రొట్టె గట్టిగా ఇటుకలా వచ్చిందంటే నీళ్ళు తక్కువయ్యాయి, లేదా పిసకడం చాల్లేదు. పైకి పొంగి మధ్యలో కూలిపోయిందంటే రెండోసారి ఎక్కువసేపు వదిలేశారు. పుల్లటి వాసన వేస్తే ఎండాకాలపు వేడికి ఎక్కువ పులిసింది. ఈసారి ఈస్ట్ తగ్గించండి. ముడిపిండి రొట్టె కొన్న బ్రెడ్డంత దూదిలాగా ఎప్పుడూ రాదు. అది లోపం కాదు. తవుడు వుంది కాబట్టే బరువు. అందుకే రెండు ముక్కలతో ఆకలి తీరుతుంది.

పులియడంలోని మేలు

ఇడ్లీపిండిని రాత్రంతా పులియబెట్టడం ఎందుకో మన పెద్దలు పుస్తకాలు చదివి నేర్చుకోలేదు. గోవాలో పావు కాల్చేవారు పూర్వం కల్లుతో పిండిని పొంగించేవారు. ఎక్కడైనా పని చేసేది కంటికి కనబడని సూక్ష్మజీవులే.

తవుడులో ఇనుముతో పాటు ఫైటిక్ ఆమ్లం అనేది కూడా వుంటుంది. అది ఇనుమునీ, జింకునీ పట్టుకుని ఒంటికి పట్టకుండా చేస్తుంది. పిండి పులిసినప్పుడు ఈ ఆమ్లం కొంత విరిగిపోతుంది. అందుచేత పులిసిన గోధుమ రొట్టెలో ఇనుము ఒంటికి పట్టే వీలు ఎక్కువ. దానికి తోడు జామకాయముక్కో, నిమ్మరసం పిండిన పచ్చి కూరముక్కలో తింటే సి విటమిన్ సాయం చేస్తుంది. రొట్టెతో పాటే టీ, కాఫీ తాగితే మాత్రం చేసిన మేలు కొంత పోతుంది. గంట ఆగి తాగండి. అయితే ఒక్కమాట: రక్తహీనత వున్నవారు రొట్టెమీద ఆధారపడి డాక్టరు ఇచ్చిన ఇనుము మాత్రలు మానకూడదు. రొట్టె ఆహారమే గాని మందు కాదు.

మినప దిబ్బరొట్టె

ఒక గ్లాసు మినపప్పు నాలుగైదు గంటలు నానబెట్టి మెత్తగా రుబ్బండి. రెండు గ్లాసుల ఇడ్లీరవ్వ కడిగి, గంటసేపు నానబెట్టి, నీళ్ళు పిండేసి కలపండి. ఇడ్లీపిండికన్న గట్టిగా వుండాలి. ఉప్పు, జీలకర్ర వేసి, ఒక రాత్రి పులియనివ్వండి. తొందరైతే వెంటనే కూడా వెయ్యవచ్చు. మందపాటి మూకుట్లో రెండు మూడు చెంచాల నూనె వేడిచేసి, రెండంగుళాల మందాన పిండి పోసి, మూతపెట్టి సన్నని సెగమీద ఇరవై నిముషాలు కాలనివ్వండి. అడుగు ఎర్రగా కాలాక తిరగేసి ఇంకో పది నిముషాలు. పైన కరకర, లోపల దూది. కేకు కావాలని మారాం చేసే పిల్లలకి ముక్కోణాలుగా కోసి, కాస్త చెరకుపానకంతో పెట్టి చూడండి. పెద్దవాళ్ళకి అల్లం పచ్చడి.

రాగి బిస్కట్లు

వంద గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకి పైగా కాల్షియం వుంటుంది. అంతే బరువు పాలల్లో వుండేదానికి ఇది దాదాపు మూడు రెట్లు. రాగుల్లోని కాల్షియం పాలల్లోదాని అంత తేలిగ్గా ఒంటికి పట్టదు కాబట్టి పాలు మానక్కర లేదు. రాగుల్ని మొలకెత్తించి, ఎండబెట్టి పిండి పట్టిస్తే ఇంకా మంచిది.

రాగిపిండి 100 గ్రాములు కమ్మటి వాసన వచ్చేదాకా దోరగా వేయించి చల్లార్చండి. గోధుమపిండి 100 గ్రాములు, బెల్లంపొడి 80 గ్రాములు, పావు టీస్పూను బేకింగ్ పౌడరు, ఏలకుల పొడి, చిటికెడు ఉప్పు, రెండు చెంచాల నువ్వులు కలపండి. ఎనభై గ్రాముల నెయ్యి వేసి పిండికి పట్టించి, రెండు మూడు చెంచాల పాలతో ముద్ద చెయ్యండి. ఇరవైనాలుగు ఉండలు చేసి, అరచేత్తో వత్తి, 170 డిగ్రీల వేడిమీద 15 నుంచి 18 నిముషాలు కాల్చండి. తీసినప్పుడు మెత్తగా వుంటాయి, చల్లారితే గట్టిపడతాయి. ఒక్కొక్క బిస్కట్‌లో మూడు గ్రాముల చిల్లర బెల్లం, అంతే నెయ్యి పడతాయి. పిల్లలకి రోజుకి రెండు చాలు. ఇంట్లో చేశాం కదా అని డబ్బా ముందు పెట్టి కూర్చోబెట్టకండి!

పండిపోయిన అరటిపండ్లతో

తొక్క నల్లబడి ఎవరూ ముట్టని మూడు అరటిపండ్లు మెత్తగా చిదమండి. అరవై గ్రాముల బెల్లంపొడి, 60 మిల్లీలీటర్ల నూనె, అరకప్పు పుల్లటి పెరుగు కలిపి గిలక్కొట్టండి. రెండువందల గ్రాముల గోధుమపిండిలో అర టీస్పూను వంటసోడా జల్లించి ఇందులో కలిపి, ఆలస్యం చెయ్యకుండా నూనె రాసిన డబ్బాలో పోసి, 180 డిగ్రీల వేడిమీద సుమారు 40 నిముషాలు కాల్చండి. పుల్ల గుచ్చితే తడి అంటకూడదు. పెరుగులోని పులుపు సోడాతో కలిసి గాలిబుడగలు పుట్టిస్తుంది. ఆ బుడగలే కేకుని పొంగిస్తాయి. ఆలస్యం చేస్తే బుడగలు పోతాయి. సోడా ఎక్కువ వెయ్యకండి. సబ్బు రుచి రావడమే కాక బి1 విటమిన్ నశిస్తుంది. పైగా ఒక టీస్పూను వంటసోడాలో, సుమారు అర టీస్పూను ఉప్పులో వున్నంత సోడియం వుంటుంది.

ఎవరెవరు జాగ్రత్త పడాలి?

మధుమేహం వున్నవారు: గోధుమ రొట్టె అయినా, జొన్నరొట్టె అయినా పిండిపదార్థమే, రక్తంలో చక్కెర పెరుగుతుంది. పీచు వుంది కాబట్టి కాస్త నెమ్మదిగా పెరుగుతుంది, అంతే. అన్నానికి బదులుగా తినండి గాని, అన్నం తిన్నాక అదనంగా కాదు. బెల్లం వేశాం కదా ఫరవాలేదనుకోకండి. మధుమేహానికి బెల్లమూ చక్కెరా ఒక్కటే.

గోధుమ పడనివారు: కొందరికి గోధుమలోని జిగురు పేగుని దెబ్బతీస్తుంది. దీన్ని సీలియాక్ జబ్బు అంటారు. పిల్లల్లో అయితే విరేచనాలు పట్టుకుని వదలవు, కడుపు ఉబ్బుతుంది, ఎదుగుదల ఆగుతుంది. ఇలాటి లక్షణాలుంటే మీరే గోధుమ మానిపించకుండా ముందు డాక్టరుకి చూపించి పరీక్ష చేయించండి. మానేశాక పరీక్ష చేస్తే జబ్బు బయటపడకపోవచ్చు. జొన్న, రాగి, సజ్జ, బియ్యం వీరికి పడతాయి.

పసిపిల్లలు: ఏడాది నిండని బిడ్డకి తేనె అసలు పెట్టకూడదు. రెండేళ్ళ లోపు పిల్లల తిండిలో చక్కెర, బెల్లం కలపకపోవడమే మేలు. అయిదేళ్ళ లోపు వారికి వేరుశనగపప్పు, జీడిపప్పు పలుకులున్న బిస్కట్లు ఇవ్వకండి. గొంతుకి అడ్డం పడి ప్రాణంమీదికి వస్తుంది. పప్పులు మెత్తగా పొడిచేసి కలపండి.

నిలవ సంగతి

ఇంటి రొట్టెలో బూజుని ఆపే మందులేవీ వుండవు. మన ఉక్కపోతలో బయట రెండు రోజులకి మించి నిలవుండదు. ఫ్రిజ్‌లో పెడితే బూజు పట్టదుగాని త్వరగా గట్టిపడుతుంది. ముక్కలు కోసి, సంచిలో కట్టి, ఫ్రిజ్‌లో మంచుగడ్డ కట్టే అరలో పెట్టి, కావలసినప్పుడు పెనంమీద వేడిచేసుకోవడం మంచి పద్ధతి. బూజు ఒక మూల కనబడితే ఆ మూల కోసేసి మిగతాది తినకండి. రొట్టె మెత్తటిది, కంటికి కనబడకుండా బూజు లోపలిదాకా పాకి వుంటుంది. మొత్తం పారెయ్యండి.

ఎలా మొదలుపెట్టాలి?

ఇంటిల్లిపాదినీ ఒక్కరోజులో మార్చాలని చూస్తే తిరగబడతారు. మొదటి వారం కొన్న బిస్కట్ల స్థానంలో రాగి బిస్కట్లు పెట్టండి. రెండో వారం ఒక ఆదివారం బ్రెడ్డు కాల్చండి. కలిపి పిసికే పని అబ్బాయిలకి అప్పగించండి, మగవారికీ చెప్పండి. ఇది ఇల్లాలి ఒక్కదాని నెత్తిన పడితే రెండు వారాలు కూడా సాగదు. పిండి పొంగుతుంటే పిల్లలకి అదో వింత. తాము పిసికిన రొట్టెని వాళ్ళే మిగల్చకుండా తింటారు.

వారానికి ఒక్కసారి పొయ్యి ముందు గంటసేపు నిలబడితే, ఆ వారమంతా మీ పిల్లల డబ్బాలో వున్న తిండి గురించి ఆ మూడు ప్రశ్నలు ఎవరడిగినా మీరు జవాబు చెప్పగలరు. రేపే అరకిలో గోధుమపిండి పట్టించి వుంచండి. తవుడు జల్లించకుండా!